ఆదివారం మూడు పూజలు, మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపు: షుగరున్న ఫాదర్ ఏం తినాలి?

ప్రశ్న: నేను చిత్తూరు జిల్లాలో కతోలిక విచారణ గురువును, అంటే ఒక ప్రాంతపు చర్చిలను చూసుకునే ఫాదర్‌ను. వయసు 48. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. ఆదివారం ఉదయం ఆరింటికి చర్చిలో మొదటి పూజ (మాస్) చేసి, మరో రెండు పల్లెల్లో పూజలు ముగించి భోంచేసేసరికి ఒంటిగంట దాటుతుంది. ఈమధ్య రెండుసార్లు చేతులు వణికి, చెమటలు పట్టాయి. వంటమనిషి లేరు. అన్నం, ఊరగాయ, లేదంటే హోటల్ పరోటాతో సరిపెట్టుకుంటున్నాను. సులువుగా వండుకోగలిగినవి చెప్పగలరు.

జవాబు: ఫాదర్ గారూ, వంట కంటే ముందు ఆ వణుకు సంగతి చూడాలి. మీరు రాసినవి రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకున్నా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది కాబట్టి, ఆ మాత్ర వేసుకుని గంటల తరబడి ఏమీ తినకపోవడం, పైగా బండి నడపడం ప్రమాదకరం. వణుకు మొదలైతే వెంటనే బండి ఆపి, మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాల తర్వాత గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ ఉంటే మళ్లీ తాగాలి. ఆదివారం మాత్ర వేళ, మోతాదు మార్చాలేమో మీ డాక్టరును ఈ వారమే అడగండి.

ఉపవాస నియమం నాకంటే మీకే బాగా తెలుసు. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 919వ నిబంధన దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో స్వీకరించే పవిత్ర అప్పానికి ముందు ఒక గంట ఉపవాసమే అడుగుతుంది, నీళ్లకూ మందులకూ అడ్డు చెప్పదు. ఒకే రోజు రెండు మూడు పూజలు చేసే గురువు రెండో, మూడో పూజకు ముందు గంట వ్యవధి లేకపోయినా కొంత ఆహారం తీసుకోవచ్చని, రోగులకు ఆ గంట నియమం కూడా వర్తించదని అందులోనే ఉంది. దయచేసి ఈ వెసులుబాటును వాడుకోండి. తెల్లవారుజామున ఐదింటికి ఉడికించిన గుడ్డు, రెండు ఇడ్లీలు తిని, పూజల మధ్య వేయించిన శనగలు, ఒక జామకాయ తినండి.

ఇక వంటకు ఒక కుక్కరు చాలు. అడుగున కందిపప్పు, కడిగి తరిగిన పాలకూర, టమాటా, పసుపు వేసి నీళ్లు పోసి, పైగిన్నెలో బియ్యం పెడితే, మీరు ప్రార్థన ముగించే లోపు రెండూ ఉడుకుతాయి. రాత్రి నానబెట్టిన ఉలవలో అలసందలో మరునాడు అదే కుక్కరులో ఉడికించి, ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుంటే సాయంత్రం పరోటా అవసరం పడదు. పళ్లెంలో సగం కూర, పావు పప్పు లేదా గుడ్డు, పావు అన్నం ఉండాలి. మన సంగటి మంచిదే, అయితే రాగి కదా అని పెద్ద ముద్ద తింటే చక్కెర పెరుగుతుంది. చిన్న ముద్ద చాలు, ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోండి. రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాములు దాటకూడదు గనుక ఊరగాయను నాలుకకు రాసుకునేంతకే పరిమితం చేయండి.

మిగిలిన అన్నం బయట రాత్రంతా ఉంచి తినవద్దు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పొగలు వచ్చేదాకా వేడిచేసుకోండి.