బిడ్డ నడక నేర్చిన ఇంట్లో

అమ్మాయీ,

పాప సోఫా పట్టుకుని నిలబడి రెండడుగులు వేసిందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మనసు మనసులో లేదు. సంతోషమూ ఉంది, కొంచెం టెన్షనూ ఉంది. పిల్లల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని కదా, నడక వచ్చిందనగానే నాకు ముందు మీ ఇంటి కింది అరలే గుర్తొచ్చాయి.

ఈ వయసు పిల్లలకి దేన్నైనా నోట్లో పెట్టుకుంటేనే అదేమిటో తెలుస్తుంది. చేదుగా ఉంటే ఉమ్మేస్తుందిలే అనుకోకు. ఒక గుటక లోపలికి పోయాకే మొహం చిట్లిస్తారు.

వార్డులో నేను చూసిన తల్లుల్లో చాలామంది ఎంతో జాగ్రత్తపరులు. మందులు పై అరలోనే పెట్టుకునేవాళ్లు. "ఇప్పుడే తీశానండీ, రెండు నిమిషాలు కూడా కాలేదు" అని ఏడ్చేవాళ్లు. సీసా అరలో ఉన్నంతసేపూ భయం లేదు, వాడుతున్నప్పుడే అసలు గండం. బాత్‌రూమ్ కడుగుతుంటే కాలింగ్ బెల్ మోగుతుంది, మూత తీసిన సీసా నేల మీదే ఉండిపోతుంది. నువ్వు తలుపు తీయడానికి వెళ్తే సీసాకి మూత బిగించి వెంట పట్టుకెళ్లు, లేదంటే పాపని చంకనేసుకుని వెళ్లు. ఆ రెండింటినీ ఒకే గదిలో వదలకు.

ఒక బాబు నాకు ఇప్పటికీ కళ్లముందు మెదులుతాడు. రెండేళ్లుంటాయేమో. తలుపులకి రంగులు వేశాక మిగిలిన థిన్నర్‌ని వాళ్ల నాన్న మంచినీళ్ల సీసాలో పోసి కిటికీ కింద పెట్టాడు. చూడ్డానికి నీళ్లలాగే తేటగా ఉంటుంది. వాడు తాగింది ఒకటి రెండు గుటకలే. ఇంట్లోవాళ్లు కంగారుపడి ఉప్పునీళ్లు పట్టి, గొంతులో వేలు పెట్టి కక్కించారు. థిన్నర్, కిరోసిన్, టర్పెంటైన్ లాంటివి కడుపులో కంటే ఊపిరితిత్తుల్లోకి పోతేనే ఎక్కువ ప్రమాదం. వాంతి చేసుకుంటూ పొలమారి అదే జరిగింది. మా దగ్గరికి తెచ్చేసరికి చొక్కా అంతా థిన్నర్ వాసన, ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డాడు. ఆ నాన్న మంచం పక్కన కూర్చుని, డాక్టరుకి చూపించడానికి తెచ్చిన ఖాళీ సీసా మూతని బిగిస్తూ, తీస్తూ, మళ్లీ బిగిస్తూ ఉండేవాడు.

అందుకే ఏ ద్రవాన్నీ అది వచ్చిన డబ్బాలోంచి తాగే సీసాలోకి మార్చకు. మీ ఆయనకి కూడా గట్టిగా చెప్పు.

పిల్లలు తీయలేని మూత ఉంది కదా అని మందుల సీసా కింద పెట్టకు. ఆ మూతలకి ఐఎస్ఓ 8317 అని ఒక ప్రమాణం ఉంది. చిన్నపిల్లల చేతికే ఇచ్చి పరీక్షిస్తారు. మధ్యలో ఎలా తీయాలో చూపించాక కూడా, పది నిమిషాల్లో వందకి ఎనభై మంది తీయలేకపోతే చాలు, మూత పాసైనట్టే. మిగతా ఇరవై మందిలో మన పాప ఉండదని ఎవరు చెప్పగలరు?

మాత్రల విషయంలో నా ఇంట్లోనే జరిగింది చెబుతాను. మీ అన్నయ్యకి మూడేళ్లప్పుడు నైట్ డ్యూటీ చేసి వచ్చి, సంచి మంచం మీద పడేసి మొహం కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఐరన్ మాత్రల స్ట్రిప్ వాడి ఒళ్లో ఉంది, పెదాలకి ఎర్ర రంగు అంటింది. ఖాళీ గదులు మూడు. ఒకటి నేను వేసుకున్నదే. ఇంకొకటి దుప్పటి మడతలో దొరికింది. మూడోది వాడి కడుపులోకే పోయింది. ఆసుపత్రిలో ఉంచుకుని చూశారు, అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో లెక్క నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. నువ్వూ అలవాటు చేసుకో.

ఐరన్ మాత్రలు ఎక్కువ మింగిన పిల్లలు మొదట వాంతులు చేసుకుని, తర్వాత తేరుకున్నట్టే కనిపిస్తారు, ఆ తర్వాత ఒక్కసారిగా డీలా పడతారు. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు, లివర్ దెబ్బతినడం తర్వాత బయటపడుతుంది. దానికి విరుగుడు ఉంది, కానీ ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. షుగర్‌కి వాడే కొన్ని మాత్రలు ఒక్కటి మింగినా చిన్నపిల్లల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, అదీ గంటల తర్వాత. కాబట్టి "ఆడుకుంటూనే ఉందిగా, పొద్దున చూద్దాం" అనుకోవద్దు. ఇంకోమాట, మందు తాగించడానికి దాన్ని చాక్లెట్ అనకు. పాప నమ్ముతుంది.

రిమోట్‌లో, బొమ్మల్లో ఉండే బటన్ సెల్ కూడా విషం లాంటిదే. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా ఎక్స్‌రే తీయించాల్సిందే. కలరా ఉండలు బట్టల మధ్య చేతికి దొరికేలా వేయకు. బ్లీచింగ్‌నీ యాసిడ్ క్లీనర్‌నీ ఎప్పుడూ కలపకు, క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇంత చూసుకున్నా ఏదైనా జరిగితే, నోట్లో మిగిలింది తీసేయి. కక్కించకు. పాలు, ఉప్పునీళ్లు ఏవీ పట్టకు. యాసిడ్ లాంటివి కక్కిస్తే పైకి వస్తూ గొంతుని రెండోసారి కాలుస్తాయి. కంట్లో పడితే పావుగంటకి తగ్గకుండా ధారగా నీళ్లు పొయ్యి. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలువు. విషాల గురించి సలహా ఇచ్చే కేంద్రం నంబరు ఈరోజే ఫ్రిజ్ మీద అంటించు. సీసానో స్ట్రిప్‌నో వెంట తీసుకెళ్లు. ఎన్ని గంటలకి జరిగింది, పాప బరువు ఎంత అన్నది చెప్పు. ఎంత మింగిందో మాత్రం సిగ్గుపడి తగ్గించి చెప్పకు, ఎక్కువలో ఎక్కువ ఎంతో అదే చెప్పు. తప్పు ఎవరిదన్న మాట దారిలో ఎత్తకండి.

వచ్చే నెల నేను వస్తున్నాను. నా సంచిలో బీపీ మాత్రలు ఉంటాయి. గుమ్మంలోనే సంచి అడిగి తీసుకుని తాళం వేసే అరలో పెట్టు. పెద్దమ్మని ఎలా అడగడం అని మొహమాటపడకు.

మీ పెద్దమ్మ