/20 వద్ద సబ్‌నెట్ లెక్క తప్పడం గురించి

సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లోని ఒక భాగం) చిరునామాలు లెక్కించే మీ పైథాన్ స్క్రిప్టు /24కు (అంటే చిరునామాలోని మొదటి 24 బిట్లు నెట్‌వర్క్‌ను సూచించేటప్పుడు) సరైన ఫలితం ఇస్తూ, 172.16.45.200/20కు మాత్రం నెట్‌వర్క్ చిరునామాను 172.16.45.0గా చూపుతోందని రాశారు. చివరి ఆక్టెట్‌ను (చుక్కలతో విడదీసిన 8 బిట్ల సంఖ్యను) సున్నా చేయడం /24కు మాత్రమే చెల్లుతుంది. /20లో సరిహద్దు మూడవ ఆక్టెట్ మధ్యలో పడుతుంది కాబట్టి, చిరునామా మొత్తాన్ని ఒకే 32 బిట్ల పూర్ణాంకంగా మార్చి, మాస్క్‌తో (నెట్‌వర్క్ బిట్లన్నీ 1గా, మిగతావి 0గా ఉండే సంఖ్యతో) బిట్ల వారీగా 'అండ్' చేయాలి, అంటే రెండింటిలోనూ 1 ఉన్న చోటే 1 ఉంచాలి. ఇక్కడ మాస్క్ 255.255.240.0. 45ను 240తో అండ్ చేస్తే 32 వస్తుంది గనుక నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపడానికి వాడే చివరి చిరునామా) 172.16.47.255 అవుతాయి, హోస్టులకు (నెట్‌వర్క్‌లోని పరికరాలకు) 4,094 చిరునామాలు మిగులుతాయి.

బ్రాడ్‌కాస్ట్ లెక్కలో రుణ సంఖ్య వస్తోందని కూడా రాశారు; అది వేరే పొరపాటు, చాలామందిని తికమక పెట్టేదే. పైథాన్ పూర్ణాంకాలకు 32 బిట్ల హద్దు లేనందువల్ల, మాస్క్ బిట్లను తిరగవేయగానే విలువ రుణాత్మకమవుతుంది. దాన్ని 4294967295తో (32 బిట్లూ 1గా ఉన్న సంఖ్యతో) అండ్ చేసి, వచ్చినదాన్ని నెట్‌వర్క్ చిరునామాకు కూడండి.

నేర్చుకోవడమే ఉద్దేశం కాకపోతే, 3.3 వెర్షన్ నుండి పైథాన్‌తోనే వస్తున్న ఐపీఅడ్రెస్ మాడ్యూల్ వాడటం మేలని నా అభిప్రాయం. అయితే హోస్టు బిట్లు (మాస్క్‌లో 0 ఉన్న చోట్ల బిట్లు) అన్నీ సున్నా కాని చిరునామాను అందులోని ఐపీ నెట్‌వర్క్ ఫంక్షన్ తిరస్కరిస్తుంది కనుక, 'స్ట్రిక్ట్' ఆర్గ్యుమెంటును 'ఫాల్స్'గా పంపాలి. హోస్టుల లెక్కలో నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ చిరునామాల కోసం 2 తీసివేసే సూత్రం /31, /32లకు వర్తించదు; వాటిని విడిగా చూసుకోండి.