టైర్ల అరుగుదల, గాలి ఒత్తిడి వల్ల బైకు పట్టు ఎలా మారుతుంది?

మలుపుల్లో బైకు బరువుగా తిరుగుతున్నా, తడి రోడ్డు మీద జారుతున్నా కారణం టైర్లలో ఉండవచ్చా అన్నది ప్రశ్న. చాలాసార్లు అక్కడే ఉంటుంది, కాబట్టి సస్పెన్షన్ జోలికి వెళ్లే ముందు టైర్లనే చూడాలి.

గాలి తగ్గినప్పుడు టైరు పక్కభాగాలు అతిగా వంగడం వల్ల హ్యాండిల్ బరువెక్కుతుంది, బండి మలుపులోకి ఆలస్యంగా వాలుతుంది, టైరు వేడెక్కుతుంది. గాలి ఎక్కువైతే రోడ్డును తాకే భాగం చిన్నదై, గతుకుల మీద పట్టు సడలుతుంది. వర్షంలో పట్టు కోసం గాలి తగ్గించడాన్ని నేను సమర్థించను, ఎందుకంటే గాలి చాలని టైరు గాడులు నీటిని సరిగా బయటకు నెట్టలేవు.

అరుగుదల ప్రభావం ఇంకా లోతైనది. ఎక్కువగా తిన్నని రోడ్ల మీదే నడిచిన వెనుక టైరు నడుమ అరిగి చదునవుతుంది. అప్పుడు బండి మొదట వాలడానికి మొరాయించి, చదును భాగపు అంచు దాటగానే ఒక్కసారిగా వాలిపోతుంది. టైరును అడ్డంగా అరచేతితో నిమిరితే ఆ అంచు తెలుస్తుంది. గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తుల మట్టానికి రబ్బరు చేరితే టైరు మార్చాల్సిందే. గాడులు లోతుగా ఉన్నా పాత రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. టైరు పక్కన తయారీ తేదీగా 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం.

ఒత్తిడిని ఎప్పుడూ బండి నడపకముందే, టైరు చల్లగా ఉండగా, తయారీదారు సూచించిన అంకెతో సరిచూడాలి. వేడెక్కిన టైరులో పెరిగిన ఒత్తిడిని చూసి గాలి తీసేస్తే, చల్లారాక అది తక్కువైపోతుంది.