స్పోర్ట్స్ కార్డులు: సీజన్ కోసం ఆగాలా, ఫీజు తేదీ చూసుకోవాలా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. 2019 నుంచి 2021 వరకు మా అబ్బాయీ నేనూ కలిసి సరదాగా అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలుండే కార్డులు కొన్నాం. కొన్ని పాత బేస్‌బాల్ కార్డులు కూడా ఉన్నాయి. ఈబేలో ధరలు చూస్తే అన్నీ కలిపి తొమ్మిది వేల డాలర్ల దాకా పలికేలా ఉన్నాయి. వచ్చే ఆగస్టులో వాడు కాలేజీలో చేరతాడు. మొదటి సెమిస్టర్ ఫీజుకి ఈ డబ్బు వాడదామని మా ఇద్దరి ఆలోచన. సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) వారం దాకా ఆగమని ఒకరు, వచ్చే సీజన్ మొదలయ్యాక అమ్మమని ఇంకొకరు చెబుతున్నారు. ఇప్పుడు నవంబర్. వేలంలో ఎప్పుడు పెడితే మంచిది?

జవాబు: ముందు ఫీజు తేదీ చూద్దాం. ఆగస్టులో కట్టాలంటే డబ్బు జూలై మొదటి వారానికల్లా మీ బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్ మొదలయ్యేది సెప్టెంబర్‌లో. కాబట్టి వచ్చే సీజన్ దాకా ఆగమన్న సలహా ఎంత మంచిదైనా మీకు పనికిరాదు. మీకున్నది ఈ నవంబర్ నుంచి జూన్ వరకు, ఎనిమిది నెలలు. అదృష్టం కొద్దీ మూడు ఆటలకూ ఈ ఎనిమిది నెలల్లోనే మంచి రోజులు ఉన్నాయి.

కార్డు ధర ఆటతో పాటు లేస్తుందన్న మాట నిజమే. అయితే చాలామంది అనుకున్నట్టు ఫైనల్ రోజున అది శిఖరానికి చేరదు. సీజన్ మొదలవడానికి కొంచెం ముందు, మొదలైన కొత్తలో ప్రతి జట్టు అభిమానికీ ఆశ ఉంటుంది. తన రూకీ (లీగ్‌లోకి కొత్తగా వచ్చిన) ఆటగాడు ఈ ఏడాది చెలరేగిపోతాడనే నమ్మకంతో కొంటాడు. నెలలు గడిచేకొద్దీ కొన్ని జట్లు ఓడిపోతాయి, కొందరు గాయపడతారు, కొనేవాళ్ళు తగ్గుతారు. ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ దశకి, వచ్చేసరికి ఆ ఆశ నాలుగైదు జట్ల చుట్టూనే మిగులుతుంది. అందుకే నేను ఆట వేడెక్కుతున్నప్పుడు అమ్మమంటాను, ఆఖరి ఘట్టం కోసం ఆగమనను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న మాట ఈ వ్యాపారానికి అతికినట్టు సరిపోతుంది.

ఆగడంలో ఉన్న ప్రమాదానికి రెండు ఉదాహరణలు చెబుతాను. ఇండియానాపోలిస్ కోల్ట్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) ఆండ్రూ లక్ 2019 ఆగస్టు 24న, సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు, 29 ఏళ్ల వయసులో రిటైర్ అవుతున్నట్టు ప్రకటించాడు. ఎవరూ ఊహించలేదు. ఇంకో రెండు వారాలు ఆగితే ధర బాగుంటుందని అతని కార్డులు దాచుకున్నవాళ్ళకి ఆ రెండు వారాలే లేకుండా పోయాయి. 2023 సెప్టెంబర్ 11న ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్ న్యూయార్క్ జెట్స్ తరఫున తన మొదటి మ్యాచ్‌లో నాలుగో ప్లేకే, అంటే ఆట మొదలైన కొద్ది నిమిషాలకే, గాయపడి ఆ సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. ఒక్క ఆటగాడి మోకాలి మీదో మడమ మీదో కొడుకు ఫీజు ఆధారపడటం నాకు నచ్చదు. షేర్లలో అయినా ఒకే కంపెనీలో అంత డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఇక మీ ఫుట్‌బాల్ కార్డుల సంగతి. వీటికి గడువు దగ్గరపడింది కాబట్టి వీటితోనే మొదలుపెట్టండి. ప్లేఆఫ్స్‌కి వెళ్ళే అవకాశం లేదని ఇప్పటికే తేలిపోయిన జట్ల ఆటగాళ్ల కార్డులు ఈ నెలలోనే వేలంలో పెట్టేయండి. క్రిస్మస్‌కి బహుమతులు కొనేవాళ్ళు కూడా డిసెంబర్ మధ్య దాకా ఉంటారు. జట్టు గట్టిగా ఆడుతుంటే జనవరి మొదటి వారం దాకా ఆగొచ్చు. సూపర్ బౌల్ కోసం ఆగాల్సింది ఒక్క సందర్భంలోనే: మీ ఆటగాడి జట్టు నిజంగా ఆ ఫైనల్‌కి చేరితే. అప్పుడు కూడా ఒక చిన్న మెలకువ ఉంది. కాన్ఫరెన్స్ ఫైనల్స్‌కీ (ఒక రకంగా సెమీఫైనల్స్) సూపర్ బౌల్‌కీ మధ్య రెండు వారాల తేడా ఉంటుంది. మధ్యలో వచ్చే ఆదివారం లీగ్ మ్యాచ్ ఉండదు. కాన్ఫరెన్స్ ఫైనల్ ముగిసిన రాత్రే ఏడు రోజుల వేలం పెడితే సరిగ్గా ఆ ఖాళీ ఆదివారం రాత్రి ముగుస్తుంది. రెండు జట్ల అభిమానులూ గెలుస్తామనే ఆశతో ఉన్న సమయం అది. మ్యాచ్ అయిపోయాక ఓడిన జట్టు కార్డులు పడిపోవడం సహజం. గెలిచిన జట్టువి కూడా చాలాసార్లు నెమ్మదిస్తాయి, ఎందుకంటే మర్నాటి నుంచి ఏడు నెలల పాటు ఫుట్‌బాల్ లేదు.

బాస్కెట్‌బాల్‌కి కొంచెం ఊపిరి ఉంది. ఎన్‌బీఏ సీజన్ అక్టోబర్‌లో మొదలై జూన్‌లో ముగుస్తుంది. మీ దగ్గరున్నవాళ్లలో ఈ నెలలో బాగా ఆడుతున్నవాళ్ల కార్డులు ఇప్పుడే పెట్టండి. మిగతావి ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ మొదలయ్యే ముందు పెట్టొచ్చు. మే దాటనివ్వకండి.

పాత బేస్‌బాల్ కార్డులది వేరే లెక్క. రిటైరైన ఆటగాడు ఈ ఏడాది గాయపడడు కాబట్టి వాటిలో ఆ టెన్షన్ లేదు. సీజన్ ప్రభావమూ తక్కువే. టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో, అంటే అందరూ మందకొడి నెల అనుకునే రోజుల్లో, 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మీవి ఆ స్థాయివి కాకపోయినా సూత్రం అదే: అరుదైన పాత కార్డుకి కొనేవాడు ఎప్పుడైనా వస్తాడు. అయినా ఎంచుకునే వీలుంది కాబట్టి ఫిబ్రవరి చివర, మార్చి నెలల్లో పెట్టండి. స్ప్రింగ్ ట్రైనింగ్ (బేస్‌బాల్ సీజన్ ముందు సాధన) మొదలై ఉంటుంది, పైగా ట్యాక్స్ రీఫండ్లు జనం చేతికి వచ్చే రోజులవి. ఒక్క హెచ్చరిక. ఆ పాత కార్డులు 1980ల చివర, 1990ల మొదట్లో అచ్చయినవైతే ఆశ తగ్గించుకోండి. అప్పట్లో లెక్కకు మించి అచ్చేశారు. వాటిలో చాలావాటికి ఏ నెలలో పెట్టినా ధర రాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. 2020, 2021లో కొన్న కార్డులకు మీరు పెట్టిన డబ్బు ఏ సీజన్‌లోనూ తిరిగి రాకపోవచ్చు. ఫ్లీర్ కంపెనీ 1986లో వేసిన మైకేల్ జోర్డన్ రూకీ కార్డు, పీఎస్ఏ (కార్డుల స్థితికి గ్రేడ్ ఇచ్చే సంస్థ) అత్యధికమైన 10 గ్రేడ్ ఇచ్చినది, 2021 జనవరిలో 7,38,000 డాలర్లకు పోయింది. తర్వాత అదే గ్రేడ్ కార్డు రెండు లక్షల చుట్టుపక్కలకు దిగివచ్చింది. అది కోవిడ్ కాలపు వెల్లువ. సీజన్ వల్ల ధరలో వచ్చే తేడా ఆ పతనాన్ని పూడ్చేంత పెద్దది కాదు. అందుకే కొన్న ధర వచ్చేదాకా ఆగుతానని కూర్చోకండి. ఆ డబ్బు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడున్న విలువ మీ అబ్బాయి ఫీజుకి ఎంతవరకు ఉపయోగపడుతుందన్నదే మనం చూడాల్సింది.

ఆ విలువ కూడా జాగ్రత్తగా లెక్కేయాలి. ఈబేలో అమ్ముడైన ధరల జాబితా సుమారు గత 90 రోజులకే కనిపిస్తుంది. అంటే నవంబర్‌లో మీరు చూసిన ఫుట్‌బాల్ ధరలు సీజన్ వేడిలో ఉన్నవి, బేస్‌బాల్ ధరలు సీజన్ ముగింపువి. అమ్మకందారులకు అదే సైట్‌లో ఉచితంగా దొరికే టెరాపీక్ అనే సాధనంలో అంతకు ముందు ధరలు కూడా చూడొచ్చు. కనీసం మీ ఖరీదైన పది కార్డులకైనా ఫిబ్రవరిలో ఎంత పలికిందో, ఆగస్టులో ఎంత పలికిందో పక్కపక్కన రాసుకోండి. స్నేహితుల సలహాల కన్నా ఆ కాగితం నమ్మదగినది.

అమ్మిన ధరలో ఈబే నూటికి 13 డాలర్ల పైనే తీసుకుంటుంది. ఆ శాతాన్ని పోస్టేజీ, సేల్స్ ట్యాక్స్ కలిపిన మొత్తం మీద లెక్కేస్తారు కాబట్టి నిజంగా పడే కోత 15కి దగ్గరగా ఉంటుంది. ప్యాకింగ్, పార్సిల్ ఖర్చులు పోగా మీ తొమ్మిది వేలలో ఏడు నుంచి ఏడున్నర వేలు మిగులుతాయనుకోండి. ఫీజు లెక్కలో ఆ అంకెనే రాసుకోండి, మిగతాదానికి వేరే దారి ఇప్పుడే చూసి పెట్టుకోండి.

పన్ను విషయం కూడా చెబుతాను. ఏడాదికి మించి దగ్గరుంచుకున్న సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. మీ సాధారణ పన్ను రేటు అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ రేటే పడుతుంది. సరదాకి కొన్న వస్తువును నష్టానికి అమ్మితే ఆ నష్టం చూపించుకునే వీలు లేదు, లాభం వస్తే మాత్రం చూపించాలి. 2025లో వచ్చిన చట్టం తర్వాత అమ్మకాలు 20,000 డాలర్లు, 200 లావాదేవీలు రెండూ దాటితేనే 1099-కె ఫారం (అమ్మకాల మొత్తాన్ని పన్ను శాఖకు తెలిపేది) వస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో పరిమితి ఇంకా తక్కువ. ఫారం రాకపోయినా లాభం మీద పన్ను బాధ్యత పోదు. కొన్నప్పటి రసీదులు, ఈమెయిళ్లు ఈ వారంలోనే ఒక ఫోల్డర్‌లో వేసిపెట్టండి.

వేలం పెట్టే పద్ధతి గురించి ఒక మాట. హెచ్చుపాట పాడేవాళ్ళు కనీసం ఇద్దరుంటేనే వేలం అమ్మేవాడికి లాభం. బాగా పేరున్న ఆటగాళ్ల కార్డులు వేలంలో పెట్టండి, ఆదివారం రాత్రి ఈస్టర్న్ టైమ్ తొమ్మిది, పది గంటల మధ్య ముగిసేలా చూడండి. అప్పటికి పశ్చిమ తీరం వాళ్ళు కూడా ఇంట్లోనే ఉంటారు. అరుదుగా అడిగే కార్డుల్ని వేలంలో పెడితే ఒక్కడే వచ్చి అతి తక్కువకి పట్టుకుపోతాడు. వాటికి స్థిర ధర పెట్టి ఓపిక పట్టండి.

మీది కొత్త ఖాతా అయితే నెలకి ఎంత అమ్మొచ్చో ఈబే పరిమితి పెడుతుంది. అమ్మిన డబ్బును కూడా మొదట్లో కొన్ని వారాలు ఆపి ఉంచవచ్చు. ఏప్రిల్‌లో ఒకేసారి అన్నీ పెడదామనుకుంటే ఇక్కడే ఇరుక్కుంటారు. మీ అబ్బాయికి 18 నిండకపోతే ఖాతా మీ పేరు మీదే తెరవండి. థాంక్స్‌గివింగ్ లోపు ఓ పది చిన్న ఫుట్‌బాల్ కార్డులు అమ్మి, సమయానికి పంపి, మంచి ఫీడ్‌బ్యాక్ తెచ్చుకోండి. ఖరీదైనవి ఆ తర్వాతే బయటికి తీయండి. అమ్మడానికి వాడికి మనసు ఒప్పని కార్డు ఏదైనా ఉంటే ముందే అడిగి పక్కన పెట్టేయండి. ఏడు వేలలో ఓ వంద డాలర్లు తగ్గినా ఫీజు ఆగదు.