కప్ప కన్ను "చూసింది" అని రాయొచ్చా?

సందేహం: మాస్టారూ, ఇంటర్ పిల్లల కోసం "కన్ను విద్యుత్తు" అని ఒక వ్యాసం రాస్తున్నా. అందులో "కప్పలోంచి తీసేసిన కన్ను కూడా వెలుగుని చూస్తుంది" అన్నాను. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన అది తప్పు, "ప్రతిస్పందిస్తుంది" అనాలన్నారు. ఏది కరెక్టు?

సమాధానం: ఆయన కొట్టేయడం వరకూ కరెక్టేనమ్మా, బదులు పెట్టిన మాటతోనే నాకు పేచీ. కళ్ళు ఎదురుచూస్తాయి, వెతుకుతాయి అని మనం అంటూనే ఉంటాం, కానీ అలా అన్నప్పుడు కంటి వెనకాల మనిషి ఉంటాడు. "కళ్ళారా చూశా" అన్నా, "కంటితో చూశా" అన్నా చూసేది మనిషే. కనబడ్డం అయితే మరీ, "నాకు కనబడింది" అంటాం కదా, ఆ "నాకు" లేకుండా వాక్యమే నిలబడదు, మరి బల్ల మీదున్న కప్ప కంటికి "నాకు" ఎక్కడిది?

ప్రయోగం సంగతే చూడండి. 1865లో స్వీడన్‌లో, ఉప్సాలాలో హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త కప్ప కన్ను తీసి ఒక తీగ కంటి ముందుండే పారదర్శక పొరకి (కార్నియాకి), ఇంకోటి వెనకవైపుకి ఆనించి కరెంటు కొలిచే గాల్వనోమీటర్‌కి కలిపాడు. చీకట్లో కూడా కంట్లో కొద్దిగా కరెంటు ఉంటుందని అప్పటికే తెలుసు, వెలుగు పడగానే అది మారింది, సరే, వెలుగు ఆపినప్పుడు కూడా మళ్ళీ మారింది! మొదటిదానికి "వెలుగుని చూసింది" అంటే రెండోదానికి ఏం రాస్తారు, చీకటిని చూసిందనా?

ఇక "ప్రతిస్పందిస్తుంది". తప్పు కాదు, పరీక్ష పేపర్లో రాస్తే మార్కులు పడతాయి, కానీ అది చదివిన పిల్లాడికి అక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్క తెలీదు, కన్ను రెప్ప వేసిందనుకున్నా అనుకుంటాడు. "వెలుగు పడ్డా, ఆగినా కప్ప కంట్లో కరెంటు మారుతుంది" అనండి, అయిపోయింది. అసలు ఏ క్రియ వాడాలో ప్రయోగమే చెప్తుంది. అమెరికాలో హార్ట్‌లైన్ 1932లో హార్స్‌షూ క్రాబ్ అనే సముద్ర జీవి కంటి నరంలోంచి ఒక్క పోగుని విడదీసి కొలిచాడు (1967లో నోబెల్ పంచుకున్నది ఈయనే), వెలుగు పెంచేకొద్దీ అందులో కరెంటు పల్సులు దగ్గరదగ్గరగా వచ్చాయి. అక్కడైతే "కన్ను పల్సులు పంపింది" అని నిక్షేపంగా రాసుకోవచ్చు, నిజంగానే నరం మీదుగా పంపింది కాబట్టి.

అన్నట్టు మీ టైటిల్లో "కన్ను విద్యుత్తు" కాదమ్మా, "కంటి విద్యుత్తు". కంటి చూపు, కంటి జబ్బు అన్నట్టే. ముందది దిద్దండి.