రెసిన్ కడ్డీలు పోసే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. చిన్న లేత్ మీద చేతి పెన్నులు తయారుచేస్తాడు. బజారు కడ్డీలతో చేస్తే అందరి పెన్నులూ ఒకేలా ఉంటాయని, ఇకపై రెసిన్ (గట్టిపడితే ప్లాస్టిక్‌లా మారే ద్రవం) కడ్డీలు తానే పోసుకుంటానంటున్నాడు. ప్రెషర్ పాట్ (గాలి ఒత్తిడి పట్టి ఉంచే మూత బిగించిన పాత్ర), అందులోకి గాలి ఎక్కించే కంప్రెసర్ కొనిపెట్టమంటున్నాడు. ఇంజినీరింగ్ మాట ఎత్తితే ముఖం తిప్పుకుంటున్నాడు. దీన్ని నమ్ముకుని బతకగలడా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, పెన్నుల మీదే బతుకుతానంటే ఇప్పుడే ఒప్పుకోవద్దు. పెన్నులు మానెయ్యమని కూడా చెప్పవద్దు. చదువు వేరు, ఈ పని వేరు అని మీ ఇద్దరూ అనుకుంటున్నారు. ఈ పనికి సరిగ్గా సరిపోయే చదువు ఉందని అతనికి బహుశా ఎవరూ చెప్పి ఉండరు.

ప్రెషర్ పాట్ ఎందుకు అడుగుతున్నాడో ముందు చూద్దాం. రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపేటప్పుడు గాలి చొరబడుతుంది. ఆ బుడగలు కడ్డీలో ఉండిపోతే, లేత్ మీద చెక్కుతున్నప్పుడు గుంటలుగా బయటపడతాయి. మూత బిగించే మరల దగ్గర బుడగ ఉంటే మర విరిగిపోతుంది. అచ్చును పాట్‌లో పెట్టి 45 పీఎస్‌ఐ (టైర్ల గాలిని కొలిచే ఒత్తిడి కొలమానం) దాకా గాలి ఎక్కిస్తే, లోపలి ఒత్తిడి బయటి కంటే సుమారు నాలుగు రెట్లవుతుంది. బుడగ నాలుగో వంతుకు కుంచించుకుపోతుంది. ఇంటర్‌లో చదివిన బాయిల్ నియమమే ఇది. రెసిన్ గట్టిపడేదాకా ఒత్తిడి తగ్గకుండా చూస్తే బుడగలు దాదాపు కంటికి ఆనవు. సిలికాన్ అచ్చును కూడా అదే ఒత్తిడిలో పోసుకోవాలి. లేకపోతే అచ్చు గోడల్లోని బుడగలు నొక్కుకుపోయి కడ్డీ నిండా బొడిపెలు లేస్తాయి.

ఇదే బుడగతో పెద్ద పరిశ్రమలూ పోరాడుతున్నాయి. నూనె వాడని ట్రాన్స్‌ఫార్మర్లలో తీగచుట్టల చుట్టూ ఎపాక్సీ అనే రకం రెసిన్ పోస్తారు. అందులో బుడగ మిగిలితే ఆ ఖాళీలో విద్యుత్తు చిన్న మెరుపులుగా దూకి ఇన్సులేషన్‌ను కొద్దికొద్దిగా తినేస్తుంది. అందుకే గాలి తీసేసి, శూన్యంలో పోత పోస్తారు. ఎలక్ట్రానిక్ సర్క్యూట్లకు తేమ తగలకుండా రెసిన్ నింపుతారు. గాలిమరల రెక్కల్లోనూ గాజుపీచుకు ఎపాక్సీ పట్టిస్తారు. మీకు దగ్గర్లోనే రేణిగుంట ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు, సత్యవేడు వైపు శ్రీసిటీ ఉన్నాయి. రెసిన్, ప్లాస్టిక్ లాంటి పాలిమర్ల స్వభావం తెలిసి, అచ్చు చేయగలిగే మనిషి ఇలాంటి చోట్ల పనికొస్తాడు.

కాబట్టి ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్లేనన్న భయం ఉంటే ముందు అది పోగొట్టండి. 1968లో చెన్నైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ విద్యాసంస్థ సిపెట్‌కు విజయవాడ దగ్గర కూడా కేంద్రం ఉంది. పదో తరగతి అర్హతతో ప్లాస్టిక్స్ టెక్నాలజీలో, ప్లాస్టిక్స్ మౌల్డ్ టెక్నాలజీలో మూడేళ్ల డిప్లొమాలు ఉన్నాయి. మీ అబ్బాయికి నేను రెండోదే చెబుతాను. లేత్ పట్టిన చేతికి అచ్చుల చదువు తొందరగా పట్టుబడుతుంది. ఇంటర్ అయ్యాక మళ్లీ డిప్లొమానా అనిపిస్తే, ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కళాశాలలో ఈఏపీసెట్ ద్వారా కెమికల్ ఇంజినీరింగ్ చేరవచ్చు. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసి, ఆపైన సిపెట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా చేయడం మరో మార్గం.

ఇక పెన్నుల సంపాదన. రాజమండ్రిలో 1930ల నుంచి రత్నం పెన్నులు ఎబొనైట్‌తో (గట్టి రబ్బరుతో) చేతి మీద తయారవుతున్నాయి. చేతి పెన్నులకు ఇష్టపడి కొనేవారు ఉన్నారు, అయితే ఆ పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పెన్నులే కాకుండా కడ్డీలనూ అమ్మవచ్చు. సొంతంగా పోసుకోలేని పెన్నుల తయారీదారులకు అవి కావాలి. 19 మిల్లీమీటర్ల మందం, 130 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కడ్డీకి సుమారు 50 గ్రాముల రెసిన్ చాలు, పోస్టులో పంపడమూ తేలికే. చెడిపోయిన కడ్డీల ఖర్చు కూడా ధరలో కలపాలి.

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్కలను పెన్ను లోపలి ఇత్తడి గొట్టానికి చుట్టి, పైన రంగులేని రెసిన్ పోసి చూడమనండి. మన ప్రాంతపు పెన్ను అంటే అదీ అని నాకు అనిపిస్తుంది. రెసిన్ తగిలితే గుడ్డ తడిసినట్టు ముదురుగా, పలుచగా కనిపిస్తుంది. అందుకని గొట్టానికి ముందే తెల్లరంగు వేయాలి, గుడ్డలో తడి లేకుండా చూడాలి. ఎర్రచందనం ముక్కల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ఎవరో ఉచితంగా ఇచ్చినా సరే. అటవీశాఖ అనుమతి పత్రాలు లేని చిన్న ముక్కా కేసు కావచ్చు, విదేశాలకు పంపడం మీద అంతర్జాతీయ ఆంక్షలూ ఉన్నాయి. చింత, వేప చెక్కలు బాగా ఎండబెట్టి వాడుకోవచ్చు.

ఆరోగ్యం గురించి గట్టిగా చెబుతున్నాను. ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం వదలదు. పాలియెస్టర్ రెసిన్‌లో కలిపే గట్టిపరిచే ద్రవం కంట్లో పడితే చూపే పోవచ్చు. యురేథేన్ అనే మరో రకం రెసిన్ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు, పైగా మన ఈశాన్య రుతుపవనాల తేమలో అది నురగలా పొంగుతుంది. ఎపాక్సీతోనే మొదలుపెట్టమనండి. వేసవిలో తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలపాలి. ఎండవేళ ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి పొగలు రావచ్చు. వంటింట్లో మాత్రం వద్దు.

డబ్బు విషయానికి వస్తే ముందుగా గ్రాములో పదో వంతు చూపే తూకం, నైట్రైల్ చేతితొడుగులు, కళ్లద్దాలు, ఆవిరినీ పొడినీ ఆపే మాస్కు కొనివ్వండి. ప్రతి పోతకూ రెసిన్, హార్డెనర్ బరువులు, ఆ రోజు వేడి, వచ్చిన ఫలితం పుస్తకంలో రాయమనండి. చెడిపోయినవి దాచకుండా రాశాడంటే పాట్ అతని చేతికి ఇవ్వవచ్చు. గరిష్ఠ ఒత్తిడి చెక్కిన పలక, సేఫ్టీ వాల్వు ఉన్న పాట్ అయితేనే కొనండి. రంగులు చల్లే పాత ట్యాంకును ఇంట్లో మార్చి వాడతానంటే ఒప్పుకోకండి. మూత ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది.