‘అర్థం కాలేదు’ అని చెప్పనివ్వు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ మళ్లీ పుస్తకం పట్టి టీచర్ ట్రైనింగు దాదాపు పూర్తి చేశావంటే సంతోషించాను. చివర్లో అడిగిన ప్రశ్న మాత్రం నాకు నచ్చలేదు. ‘పిల్లలు బాగా చదవడం ముఖ్యమా, హాయిగా ఉండడం ముఖ్యమా, పెద్దమ్మా?’ అన్నావు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని నీకు ఎవరు చెప్పారో తెలియదు. ఇన్నేళ్లు బడిలో గడిపిన నాకు ఆ రెండూ విడివిడిగా కనబడిన సందర్భం లేదు. నేను చూసుకునే గుర్తు ఒక్కటే. ఈ పిల్లవాడు ‘నాకు అర్థం కాలేదు’ అని జంకు లేకుండా అనగలుగుతున్నాడా? అనగలిగితే చదువు సాగుతుంది, మనసూ కుదురుగా ఉంటుంది. అనలేకపోతే మార్కులు ఎన్ని వచ్చినా నాకు నమ్మకం కుదరదు.

ముందు క్లాసు సంగతి. పాఠం చెప్పాక ‘అర్థమైందా?’ అని అడగకు. క్లాసు మొత్తం గంగిరెద్దులా తల ఊపుతుంది. అర్థంకానివాడు అందరికంటే ముందు ఊపుతాడు. దానికి బదులు ఒక చిన్న లెక్క ఇచ్చి బల్లల మధ్య నడువు. రెండో తరగతో మూడో తరగతో అయితే 52 నుంచి 27 తీసేయమను. ఒకడు 35 అని రాస్తాడు. 83 నుంచి 46 తీసేయమంటే 43 అంటాడు. అడ్డంగా కొట్టేసి ‘అజాగ్రత్త’ అని రాయడం క్షణం పని. కానీ వాడు అజాగ్రత్తగా చేయలేదు, చాలా శ్రద్ధగా చేశాడు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలన్నది వాడి సూత్రం. ప్రతి లెక్కలోనూ ఒకే పద్ధతి పాటిస్తాడు. కాబట్టి ఇంకో పాతిక లెక్కలు హోంవర్కుగా ఇస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. పక్కన కూర్చుని, ‘ఎలా చేశావో నాకు చెప్పు, నాన్నా’ అను. రెండు వాక్యాల్లో గుట్టు బయటపడుతుంది. పదుల స్థానం నుంచి ఒక పదిని విడదీసి తెచ్చుకోవడం పుల్లల కట్టలతో చూపిస్తే చాలు. వాడికి లెక్కలు రావని ఇంట్లో అప్పటికే ఒక మాట పడిపోయి ఉంటే, దాన్ని తుడిచేసే అవకాశం కూడా నీదే.

సరైన జవాబు రాసినవాణ్ణి కూడా అప్పుడప్పుడు ఇలాగే అడుగుతూ ఉండు. తప్పు చేసినవాళ్లనే అడిగితే, ఆ ప్రశ్నే శిక్షలా తోస్తుంది.

ప్రశ్న వేశాక ఆగడం ఇంకో విద్య. మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసులను టేపు మీద రికార్డు చేసి విన్నారు. ప్రశ్నకూ టీచర్ మళ్లీ నోరు తెరవడానికీ మధ్య సగటున ఒక్క సెకను మాత్రమే ఉంది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ పలకని పిల్లలు కూడా నోరు విప్పారు. మూడు సెకన్లు ఎంతసేపని అనుకుంటావు. మొదటిసారి క్లాసు ముందు నిలబడి మౌనంగా లెక్కపెట్టి చూడు, ఒక యుగంలా ఉంటుంది. ఓర్చుకో.

మార్కుల గురించి నీకు పెద్ద దిగులే ఉన్నట్టుంది. మార్కులు వేయనని నువ్వు పట్టుబడితే ఏ బడీ ఊరుకోదు, ఆ యుద్ధం పెట్టుకోకు. కానీ రోజూ దిద్దే నోటు పుస్తకాల్లో అంకె వేయాల్సిన అవసరం లేదు. 1988లో రూత్ బట్లర్ ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు పిల్లలకు వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లే తర్వాతి పనిలో మెరుగయ్యారు. రెండూ కలిపి ఇచ్చినప్పుడు ఆ లాభం దక్కలేదు. క్లాసులో పుస్తకాలు తిరిగిచ్చే పూట గమనించినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. పిల్లల చూపు నేరుగా అంకె మీదికి, అక్కడి నుంచి పక్కవాడి అంకె మీదికి పోతుంది. నువ్వు రాత్రి కూర్చుని రాసిన మాటలు అక్కడే ఉండిపోతాయి. అందుకని తక్కువ రాయి, ఒక్క విషయమే రాయి, దాన్ని సరిచేసుకోవడానికి క్లాసులోనే కాస్త సమయం ఇవ్వు.

ఇక ఇల్లు. టీచర్‌గా నేర్చుకున్నదంతా సొంత పిల్లల మీద ప్రయోగించాలని చేయి దురద పెడుతుంది. వద్దు. బడి నుంచి రాగానే ‘ఈ రోజు ఏం చెప్పారు?’ అంటే ‘ఏమీ లేదు’ అనే వస్తుంది. బడిలో అన్ని గంటలు ఒకరి మాట వినివచ్చిన మనిషికి కాసేపు ఎవరికీ జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉంది. తిని, ఆడుకుని, తనంతట తాను ఏదో ఒకటి మొదలుపెడుతుంది. అప్పుడు చేతిలో పని ఉన్నా చెవి ఇవ్వు. హోంవర్కులో తప్పు కనబడితే నువ్వు దిద్దకు, తప్పుతోనే వెళ్లనివ్వు. ఇంట్లో దిద్దిన పుస్తకం చూస్తే అక్కడి టీచర్‌కు ఆ పిల్ల ఎక్కడ ఆగిందో తెలియదు. నీకూ, నీ పిల్లకూ ఒకే బడి అయితే ఇంకో జాగ్రత్త కూడా కావాలి. తన క్లాసు టీచర్‌ను స్టాఫ్ రూములో పట్టుకుని ఆరా తీయకు. అందరు తల్లిదండ్రుల్లాగే పేరెంట్స్ మీటింగు రోజున వెళ్లి కూర్చో. అమ్మకు అన్నీ చేరిపోతాయని తెలిసిన పిల్ల బడిలో ఊపిరి తీసుకోలేదు.

నిద్ర గురించి మాత్రం మెత్తబడకు. 6 నుంచి 12 ఏళ్ల వయసువారికి రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఎదిగే వయసులో శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది, పెందలాడే పడుకోమన్నా నిద్ర రాదు. దాన్ని బద్ధకమని తిట్టడం అన్యాయం. పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదివితే నష్టమే ఎక్కువ. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే.

కొన్ని గుర్తులు చెబుతాను, రెండు చోట్లా పనికొస్తాయి. నల్లబల్ల వదిలేసి పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకునే పిల్లవాణ్ణి కాపీ కొడుతున్నావని కేకలేసే ముందు కళ్లు పరీక్ష చేయించమని ఇంటికి కబురు పెట్టు. చెప్పింది మళ్లీ మళ్లీ అడిగేవాడికి చెవి సంగతి చూడాలి. బడి ఉన్న ఉదయాల్లోనే వచ్చి సెలవు రోజున మాయమయ్యే కడుపునొప్పి నాటకం కాదు. భయానికి నిజంగానే నొప్పి పుడుతుంది. డాక్టరుకు చూపించాలి, ఎవరికి భయపడుతున్నారో మెల్లగా కనుక్కోవాలి. చక్కగా కలిసి ఉండే పిల్ల ఉన్నట్టుండి అందరికీ దూరమైతే, ఇష్టమైనవన్నీ పంచిపెట్టేస్తుంటే, చచ్చిపోతానని నవ్వుతూ అన్నా సరే, తేలిగ్గా తీసుకోకు. ‘ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి టీచర్’ అంటే వేయకు. ‘నీకు సాయం చేయగలవాళ్లకు మాత్రం చెబుతాను’ అని తనకు ముందే చెప్పి, ఒంటరిగా వదలకుండా, ఆ పూటే హెడ్మాస్టరుకూ ఇంటివాళ్లకూ తెలియజేయి. భయం ఇంట్లోనే ఉందనిపిస్తే మాత్రం హెడ్మాస్టరుతోనూ కౌన్సెలర్‌తోనూ మాట్లాడాకే ఇంటికి చెప్పాలి. వైద్యం నీ పని కాదు, చూసి చేరవేయడం నీ పని.

నీకు ఏ తరగతి ఇస్తారో తెలిశాక రాయి. చిన్న తరగతి అయితే పుల్లల కట్టలు ఎలా కట్టించాలో చెబుతాను. పెద్ద తరగతి అయితే మొదటి వారంలో పాఠం కంటే ముందు పేర్లు నేర్చుకో. రోల్ నంబరుతో పిలిస్తే లేచి నిలబడతారు గానీ ‘అర్థం కాలేదు’ అని చెప్పరు.

మీ పెద్దమ్మ